కొలతకు కావలి, కొలుచువానికి రక్ష

విద్యుచ్ఛక్తిని కొలుచువాడు కాపాడుకొనవలసినవి రెండు గలవు. మొదటిది కొలత, రెండవది తన ప్రాణము. మొదటిదానికై శాస్త్రజ్ఞులు కల్పించిన యుపాయమునకు కావలి యని పేరు. యంత్రములమీద దీనినే గార్డు అని వ్రాయుదురు. రెండవదానికై కల్పించినది భూసంధానము. మన యిండ్లలో దీనిని ఎర్తు అందురు. రెండును తీగలతోనే చేయబడును. చూచుటకు రెండును ఒక్కతీరుగనే యుండును. కాని వాని పనులు వేరు. ఒకదాని చోట మరియొకదానిని కలిపినవాడు కొలతనైనను చెరుపుకొనును, ప్రాణమునకైనను ముప్పు తెచ్చుకొనును. ఈ భేదమును మన పైతరగతుల విద్యార్థులకు తెలియజెప్పుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము. ఇంటిలో విద్యుత్పరికరములను వాడు తలిదండ్రులకును పనికివచ్చు సంగతులు కొన్ని యిందు చేర్చితిమి.

రిక్‌మన్ పండితుని కడ్డీ

మేఘములందలి మెరుపు విద్యుచ్ఛక్తియే యని 1752వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున జరిగిన పరీక్షవలన రుజువయ్యెను. ఆ వార్త విని ఐరోపా పండితులు పలువురు తమ యిండ్లపై ఇనుపకడ్డీలు నిలిపి పరిశోధనలు సాగించిరి. అట్టివారిలో సెంట్ పీటర్స్‌బర్గు శాస్త్రపరిషత్తునకు చెందిన గియోర్గ్ విల్హెల్మ్ రిక్‌మన్ ఒకడు. కడ్డీనుండి నిప్పురవ్వలు లేచుట చూచి యానందించినంత మాత్రమున ఆయనకు తృప్తి కలుగలేదు. ఆ విద్యుత్తు ఎంతయో కొలిచి అంకెలలో వ్రాయవలెనని ఆయన తలంపు. అందులకై లోహపు బద్ద ప్రక్కన నారదారమును వ్రేలాడదీసి, కడ్డీకి విద్యుత్తు సోకినపుడు ఆ దారము ఎంత కోణమున పైకి లేచునో చూచు సాధనమును తయారుచేసెను.

1753వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన (నేటి పంచాంగము ప్రకారము) ఉరుము వినబడగా ఆయన సొకొలోవ్ అను చిత్రకారుని వెంటబెట్టుకొని యింటికి వేగముగ వచ్చి, దారము లేచిన కోణమును చూచుటకై కడ్డీవైపు వంగెను. అంతట కడ్డీనుండి అగ్నిగోళము వంటిది వెడలి ఆయన నుదుట తాకెను. ఆయన తత్‌క్షణమే మరణించెను. సొకొలోవ్ క్రిందపడి మూర్ఛిల్లి, పిమ్మట కోలుకొని జరిగినది లోకమునకు తెలిపెను.

ఇచట విద్యార్థులు ఒక్క సంగతిని ఆలోచింపవలెను. ఆ కడ్డీ నేలతో కలుపబడి యుండలేదు. గాజు మొదలగు బంధకములపై నిలుపబడి యుండెను. అట్లు నిలుపుట అజ్ఞానమువలన కాదు. కడ్డీని నేలతో కలిపినయెడల విద్యుత్తు నేలలోనికి పోవును, దారము లేవదు, కొలుచుటకు ఏమియు మిగులదు. కొలతకు నేలనుండి వేరుపాటు కావలెను. ప్రాణమునకు నేలతో సంబంధము కావలెను. ఈ రెండు అవసరములకును గల వైరమే రిక్‌మన్ మరణమునకు మూలము. ఆనాటినుండి నేటివరకు సున్నితమైన ప్రతి విద్యుత్పరీక్షయందును ఈ వైరము ఏదో యొక రూపమున ఎదురగుచునే యున్నది. దానిని సమాధానపరచు విధమునే క్రింద వివరింతుము.

గట్టు, ఊట

ముందు కావలిని గూర్చి చెప్పుదుము. బంధకములన్నియు విద్యుత్తును బొత్తిగా పోనీయవని బాలురు నమ్ముదురు. ఇది సరికాదు. రబ్బరు, గాజు, పింగాణి, ప్లాస్టిక్కు — ఇవియన్నియు మిక్కిలి స్వల్పముగనైనను విద్యుత్తును పోనిచ్చును. వానిపై చెమట, దుమ్ము, తేమ చేరినయెడల ఇంకను ఎక్కువగా పోనిచ్చును. వేసవిలో చక్కగా పనిచేసిన బంగారురేకు ఎలక్ట్రోస్కోపు వర్షకాలమున ఆవేశమును నిలుపుకొనలేకపోవుటకు ఇదియే కారణము. దీపములు వెలిగించు ప్రవాహముతో పోల్చినచో ఈ ఊట లెక్కలోనికి రాదు. అయితే మనము కొలువదలచిన ప్రవాహమే అతిస్వల్పమైనపుడు ఊట దానిని మించిపోవచ్చును.

వరిమడిని ఉదాహరణముగా తీసికొందము. ఒక మడిలో నీరు నిలిపి, ఒక్క రాత్రిలో నేల ఎంత నీటిని పీల్చునో తెలిసికొనవలెనన్నచో, తెల్లవారి నీటిమట్టము ఎంత తగ్గినదో చూతుము. కాని గట్టుగుండ ప్రక్క మడిలోనికి కొంత నీరు ఊరిపోయి యుండును. తగ్గినదానిలో నేల పీల్చినదెంతయో, గట్టుగుండ పోయినదెంతయో తెలియదు. గట్టును ఎంత గట్టిగా మెత్తినను ఊట పూర్తిగా మానదు. అయితే ప్రక్క మడిలో కూడ సరిగా అంతే మట్టమున నీరు నిలిపినచో ఏమగును? గట్టునకు ఇరుప్రక్కల నీరు సమానముగ నుండుటచే ఊట తనంతట నిలిచిపోవును. ప్రక్క మడినుండి ఆవలికి ఎంత ఊరినను మన లెక్కకు సంబంధము లేదు. దానిని వేరుకాలువతో నింపుచుండిన చాలును. నేల నీటిని పీల్చు వేగమును పరీక్షించు వ్యవసాయశాస్త్రజ్ఞులు ఒకదానిలో ఒకటిగా రెండు కంకణములను నేలలో దించి, రెంటిలోను నీరు పోసి, లోపలి కంకణమునందలి నీటినే లెక్కింతురు. వెలుపలి కంకణము లోపలిదానికి కావలి.

విద్యుత్తునందును ఇదే యుపాయము. నీటిమట్టమునకు బదులు ఇచట పీడనము, అనగా వోల్టేజి, గలదు. కొలువదలచిన తీగచుట్టును మరియొక లోహపు తొడుగును అమర్చి, ఆ తొడుగును లోపలి తీగతో సమానమైన పీడనమున నిలిపినయెడల, రెంటినడుమ నున్న బంధకము ఎట్టిదైనను దానిగుండ ప్రవాహము జరుగదు. పీడనభేదము లేనిచోట ప్రవాహము లేదని ఓము 1827వ సంవత్సరమున ప్రకటించిన సూత్రమే చెప్పుచున్నది. ఈ తొడుగే కావలి.

ఒక చిన్న లెక్క

నూరు కోట్ల ఓముల నిరోధము గల వస్తువును 500 వోల్టుల పీడనముతో పరీక్షించుచున్నామనుకొనుడు. దానిగుండ పోవు ప్రవాహము అర మైక్రోఆంపియరు. కొలత తీగపైనున్న బంధకముయొక్క నిరోధము వేయి కోట్ల ఓములు. కావలి లేనియెడల ఆ బంధకముగుండ కూడ 0.05 మైక్రోఆంపియరు ఊరును. మీటరు రెంటిని కలిపి 0.55 అని చూపును. దానినిబట్టి లెక్కించిన నిరోధము 90.9 కోట్ల ఓములే యగును. నూటికి తొమ్మిది వంతులు తప్పు వచ్చినది.

ఇప్పుడు కావలిని అమర్చుదము. లోపలి తీగ పీడనమును అనుసరించి అంతే పీడనమును తొడుగునకు ఇచ్చునట్టి ఆంప్లిఫయరును ఇందులకు వాడుదురు. ఆ యనుసరణమందు వేయింట ఒక వంతు కొదువ యున్నదనుకొన్నను, బంధకమునకు ఇరుప్రక్కల పీడనభేదము 500 వోల్టులు గాక అర వోల్టు మాత్రమే యగును. ఊట కూడ వేయింట ఒక వంతునకు తగ్గును. కొలతలో తప్పు పదివేలలో ఒక వంతునకు దిగును. బంధకము మారలేదు, దాని లోపము పోలేదు, అయినను ఆ లోపము మన కొలతను అంటలేదు.

కావలికి మరియొక గుణము కూడ గలదు. పొడవైన తీగ తన తొడుగుతో కలిసి కొంత విద్యుత్తును నిలువచేయును; అది నిండువరకు మీటరు సూది కుదురుకొనదు. లక్ష కోట్ల ఓముల నిరోధమునకు నూరు పికోఫారడుల తీగ చేరినచో వాని లబ్ధము నూరు సెకండ్లు. సూది కుదురుటకు దానికి నాలుగైదింతల కాలము వేచియుండవలెను. తొడుగు కూడ లోపలి తీగతోబాటే పీడనమునందు పెరుగుచుండినచో నింపవలసినది దాదాపు లేకుండ పోవును. కావున కావలి కొలతను నిజము చేయుటయే గాక శీఘ్రము కూడ చేయును.

ఫారడే గది

కావలియొక్క గుణమును, దానిలో దాగియున్న యపాయమును, 1836వ సంవత్సరమున మైకేల్ ఫారడే లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో చేసిన పరీక్ష చక్కగా చూపినది. ఆయన ప్రక్కకు 12 అడుగులు గల చదరపు గదిని కొయ్యచట్రముతో కట్టించి, దానికి రాగితీగలను తగరపు రేకును తొడిగించి, నేల తగులకుండ బంధకములపై నిలిపెను. పెద్ద విద్యుద్యంత్రముతో ఆ గదికి ఆవేశము నెక్కించిరి. వెలుపలి భాగములనుండి నిప్పురవ్వలు ఎగయుచుండెను. అట్టి సమయమున ఫారడే తన సున్నితమైన సాధనములతో గది లోపల నిలిచి, విద్యుత్తుయొక్క జాడయే లేదని కనుగొనెను.

లోపలివానికి ఏమియు కాకుండుటకు కారణము, ఆయనయు గది గోడలును ఒక్కటే పీడనమున నుండుట. కాని అదే గదిని వెలుపలనుండి, నేలపై నిలిచి, ఎవరైన తాకినచో ఏమగును? నిప్పురవ్వ ఆ మనుష్యునిమీదికి దుముకును. లోపలికి నిరపాయమైనదే వెలుపలికి అపాయము. ఈ వాక్యమును విద్యార్థులు మరువరాదు. కావలి తొడుగు సరిగా ఈ గది వంటిదే.

విలియం థామ్సన్, పిమ్మట కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధుడైనవాడు, 1867వ సంవత్సరమున బ్రిటిష్ అసోసియేషనుకు సమర్పించిన నివేదికలో తన ఎలక్ట్రోమీటర్లను వర్ణించెను. వానిలో ఒక లోహపు బిళ్లచుట్టును అదే పీడనమున నుండు కంకణము గలదు. అంచులయందు కలుగు వంకర బలములన్నియు కంకణముమీద పడును, నడిమి బిళ్లపై మాత్రము సమముగ నుండు బలమే పడును, దానినే కొలుతురు. నేడు వాడుకలో నున్న కావలి పద్ధతులలో అనేకములు ఈ కంకణముయొక్క వంశమునకు చెందినవే.

మూడు పొరల తీగ

కావలి కొలతకు మేలు చేయునుగాని మనుష్యునికి రక్ష కాదు. పరీక్ష 500 వోల్టులతో జరిగినచో కావలి తొడుగు కూడ 500 వోల్టులమీద నుండును. దానిని కవచమని భ్రమించి చేతితో పట్టుకొనుట, లోపలి తీగనే పట్టుకొనుట వంటిది. 30 వోల్టుల ఆల్టర్నేటింగు పీడనము, 60 వోల్టుల డైరెక్టు పీడనము దాటినంతనే అపాయకరముగ నెంచవలెనని యంత్రనిర్మాతలు హెచ్చరింతురు.

ఇందులకై మూడు పొరల తీగను కల్పించిరి. దీనిని ట్రయాక్సు తీగ అందురు. నడుమ కొలత తీగ, దానిచుట్టును బంధకము, దానిపై కావలి, దానిపై మరల బంధకము, అన్నిటికంటె పైన నేలతో కలిపిన కవచము. చేతికి తగులునది ఈ పైకవచమే. ఇది భూమితో సమానమగు పీడనమున నుండుటచే నేలపై నిలిచినవానికి దానివలన భయము లేదు. కావలికిని కవచమునకును నడుమ ఊట యుండవచ్చును. అది ఆంప్లిఫయరు నుండి వచ్చునేగాని కొలత తీగనుండి రాదు. ఇరుగుపొరుగు మడుల యుదాహరణములో ప్రక్క మడి ఆవలికి ఊరుట వంటిదే యిది. ఈ విధముగ రిక్‌మన్ కడ్డీయందు సమాధానపడని వైరము ఇచట సమాధానపడినది. లోపల నేలనుండి వేరుపాటును, వెలుపల నేలతో సంబంధమును, నడుమ కావలియు గలవు.

అయితే కొందరు మూడు పొరల తీగను రెండు పొరల తీగకు కలుపుటకై సంధిముక్కలను వాడుదురు. వానిలో కొన్నింటియందు కావలి పొర వెలుపలి లోహపు గొట్టముతో కలిసియుండును. అట్టిదానిని తగిలించినచో అపాయకరమైన పీడనము చేతికి తగులు లోహముపైకి వచ్చును. ఎక్కువ పీడనములయందు అట్టి సంధిముక్కను వాడనే రాదు. మరికొందరు కావలిని పొరపాటున ఎర్తుతో కలుపుదురు. అపుడు ఆంప్లిఫయరు నేలకు కలిసిపోవును. లోపలి తీగకును తొడుగునకును పూర్తి పీడనభేదము ఏర్పడి ఊట తిరిగివచ్చును. కావలి యున్నదను నమ్మకముతో తప్పు అంకెను వ్రాసికొనుట, కావలి లేదని తెలిసి వ్రాసికొనుటకంటె చెడ్డది.

బంధకములను పరీక్షించు మెగ్గరు యంత్రమునందు లైను, ఎర్తు, గార్డు అని మూడు కొనలుండుట కొందరు చూచియుందురు. తీగకొనయందు బంధకముపై తేమ యున్నచో, ఆ బంధకముచుట్టు వట్టి రాగితీగను చుట్టి గార్డునకు కలుపుదురు. పైపైన ప్రాకు ప్రవాహము మీటరులోనికి పోక ప్రక్కదారిని పోవును. బంధకముయొక్క నిజమైన నిరోధమే తెలియును. ఈ చుట్టిన తీగ కూడ లైనుతో దాదాపు సమానమగు పీడనముమీద నుండునని పనివారు ఎరిగియుండవలెను.

వీలైనచోట్ల కావలిని భూమట్టముననే నిలుపుట అన్నిటికంటె మేలు. వస్తువునకు ఒక ప్రక్క ఎక్కువ పీడనమును ఇచ్చి, రెండవ ప్రక్క, నేలకు దగ్గరగా, మీటరును పెట్టినచో కావలి కూడ నేల పీడనముననే యుండును. కార్ల్ విల్లీ వాగ్నర్ 1911వ సంవత్సరమున ఆల్టర్నేటింగు ప్రవాహపు బ్రిడ్జికి చేర్చిన యేర్పాటు ఇట్టిదే. ఆ కాలమున టెలిఫోను శ్రవణిని చెవికి పెట్టుకొని ధ్వని అణగుటను విందురు. వినువాని శరీరము చేరువగ నుండుటచే కొంత ప్రవాహము అటు జారి కొలత చెడుచుండెను. వాగ్నర్ మరి రెండు భుజములను చేర్చి, శ్రవణిని నేలతో తిన్నగా కలుపకయే నేల పీడనమునకు తెచ్చెను. పీడనభేదము పోగా జారు ప్రవాహమును పోయెను.

భూసంధానము చేయు పని

ఇక రెండవ యంశము. భూమి విద్యుత్తును మ్రింగివేయునని పలువురు తలంతురు. ఇది పొరపాటు. ప్రవాహము ఎక్కడనుండి బయలుదేరెనో అక్కడికే తిరిగి చేరవలెను. మన వీధిలోని ట్రాన్స్‌ఫార్మరునకు ఒక కొన నేలతో కలుపబడి యుండును. లోహపు పెట్టెలో లైను తీగ ఊడి పెట్టెకు తగిలినపుడు, ఎర్తు తీగగుండ ఎక్కువ ప్రవాహము వెంటనే తిరిగి పోయి ఫ్యూజు కాలవలెను. లేదా రక్షకయంత్రము వలయమును తెంచవలెను. అంతవరకు పెట్టె పీడనము తక్కువగ నుండవలెను. ఇదియే భూసంధానముయొక్క పని.

కావున పరీక్షాబల్ల ప్రక్కన వేరుగా ఒక యినుపకడ్డీ పాతి, “ఇది నా యంత్రమునకు శుభ్రమైన ఎర్తు” అనుకొనుట అపాయకరము. ఆ కడ్డీ నిరోధము 20 ఓములనుకొనుడు. 230 వోల్టుల లైను పెట్టెకు తగిలినను ప్రవాహము పదకొండున్నర ఆంపియర్లు దాటదు. 16 ఆంపియర్ల ఫ్యూజు కాలదు. పెట్టె మాత్రము ప్రాణాంతకమగు పీడనముపైన అట్లే నిలిచియుండును. బల్లమీది యంత్రములన్నియు భవనముయొక్క ఒక్క భూసంధానముతోనే కలిసియుండవలెను. మన దేశమున భూసంధాన విధులను తెలుపు ప్రమాణగ్రంథము ఐ.ఎస్. 3043. దానిని 1987లోను, మరల సవరించి 2018లోను వెలువడిన ప్రతులనుబట్టి పనివారు ఎరుగుదురు.

మనుష్యశరీరము ఎంత ప్రవాహమును ఓర్వగలదు? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చార్లెస్ డాల్జీల్ ఈ విషయమై స్వచ్ఛందముగ వచ్చినవారిపై పరీక్షలు చేసెను. చేతితో పట్టిన తీగను తనంతట విడువగల హద్దు పురుషులకు సగటున 16 మిల్లీఆంపియర్లు, స్త్రీలకు పదిన్నర అని తేలెను. అది మించినచో కండరములు బిగిసి చేయి తీగను విడువదు. తడిసిన శరీరముయొక్క నిరోధము వేయి ఓములకు దిగవచ్చును. అట్టివానికి 230 వోల్టులు తగిలినచో 230 మిల్లీఆంపియర్లు ప్రవహించును. గుండె లయ తప్పుటకు ఇంత యక్కరలేదు.

గొణుగుడును, దానికి తప్పు మందును

సున్నితమైన పరీక్షలు చేయువారికి ఎర్తుమీద కోపము కలుగుటకు ఒక కారణము గలదు. రెండు యంత్రములు వేర్వేరు గోడప్లగ్గులనుండి ఎర్తు పొంది, కొలత తీగ కవచముతో కూడ ఒకదానితో ఒకటి కలిసినపుడు ఒక పెద్ద వలయము ఏర్పడును. దీనికి భూవలయమని పేరు. ఒక ఎర్తు తీగలో ఒక్క ఆంపియరు ఊట ప్రవహించి, ఆ తీగ నిరోధము పదింట ఒక ఓమైనను, రెండు ఎర్తులకు నడుమ వోల్టులో పదవవంతు భేదము కలుగును. మనము కొలువదలచినది ఒక్క మైక్రోవోల్టైనచో, ఈ భేదము దానికి లక్ష రెట్లు. మీటరు సూది వణకును; శ్రవణిలో గొణుగుడు వినబడును.

ఇట్టి సమయమున ఎర్తు పిన్నును విరిచివేయుట, లేక ప్లగ్గులో పచ్చతీగను ఊడదీయుట కొన్ని ప్రయోగశాలలలో ఆచారమైపోయినది. గొణుగుడు వెంటనే మానును. అందుచే ఆ పని సరియైనదే యని తోచును. కాని అంతటినుండి ఆ యంత్రపు పెట్టెకు రక్ష లేదు. ఆసిలోస్కోపునందు దాని కొలతతీగ భూక్లిప్పు పెట్టెతో కలిసియే యుండును. ఎర్తు తీసిన ఆసిలోస్కోపు క్లిప్పును లైనుకు తగిలించిన క్షణమున, పెట్టె, త్రిప్పుడుమరలు, ప్రక్కనున్న తీగలయొక్క లోహపు కొనలు — అన్నియు 230 వోల్టులపైకి ఎక్కును. యంత్రము చక్కగానే పనిచేయుచుండును. చూచినవానికి తేడా యేమియు కనబడదు. దానిని తాకు రెండవవానికి, ఎర్తు తీసిన సంగతి ఎరుగనివానికి, అపాయము సంభవించును.

గొణుగుడునకు మంచి మందులు వేరుగా గలవు. యంత్రములన్నిటికి ఒక్క ప్లగ్గుపలకనుండియే విద్యుత్తు నీయవలెను. తీగలను దగ్గరదగ్గరగ నడిపి వలయపు వైశాల్యమును తగ్గింపవలెను. తక్కువ పౌనఃపున్యపు కొలతలయందు సంకేతపు తీగ కవచమును ఒక్క కొననే నేలతో కలుపవలెను. రెండు తీగలమధ్య భేదమునే కొలుచు డిఫరెన్షియలు ప్రోబును వాడవలెను. లేదా బ్యాటరీతో నడచు మీటరును వాడవలెను. వలయమును తెంచవలసినది సంకేతపు దారియందేగాని రక్షాదారియందు కాదు.

నిలువయుండు విద్యుత్తు

మీటను ఆర్పినంతనే అపాయము తొలగదు. పొడవైన కేబులును, కండెన్సరును విద్యుత్తును నిలువచేసికొనును. ఒక్క మైక్రోఫారడు కండెన్సరు 5000 వోల్టులకు నిండినచో అందు పన్నెండున్నర జౌళ్ల శక్తి యుండును. అది ఒక కిలోగ్రాము బరువును నాలుగడుగులకు పైగా ఎత్తుటకు చాలును. అందుచే పరీక్ష ముగిసిన పిమ్మట, బంధకపు పిడిగల కఱ్ఱకు నిరోధమును ఎర్తు తీగను అమర్చి, మొదట నిరోధముగుండ ఆవేశమును విడిపించి, తరువాత తిన్నగా నేలకు కలిపి అట్లే యుంచవలెను. వెంటనే తీసివేసినచో బంధకములో నానియున్న ఆవేశము మెల్లగా పైకి వచ్చి మరల పీడనము పుట్టించును. పెద్ద యంత్రముల తీగచుట్లను పరీక్షించువారు పరీక్ష ఎంతసేపు జరిగెనో దానికి నాలుగింతల కాలమైనను నేలకు కలిపియుంచవలెనని నియమము.

కలుపు క్రమమునందును విధి గలదు. ఎర్తు తీగను అన్నిటికంటె ముందు కలుపవలెను. అన్నిటికంటె చివర తీయవలెను. మన త్రీపిన్ ప్లగ్గునందు ఎర్తు పిన్ను తక్కినవానికంటె పొడవుగను లావుగను ఉండుటలో గల రహస్యమిదే. ప్లగ్గు దూర్చినపుడు అది ముందు తగులును. లాగినపుడు చివర విడుచును.

ఇంటివారికి కొన్ని మాటలు

పై చెప్పినదంతయు ప్రయోగశాలకే చెందినదని తలిదండ్రులు తలంపవలదు. నీళ్లు కాచు గీజరు, బట్టలుతుకు యంత్రము, ఇస్త్రీపెట్టె, నీటిమోటారు — ఇవియన్నియు లోహపు శరీరము గలవే. మూడు పిన్నుల ప్లగ్గును రెండు రంధ్రముల సాకెట్టులో దూర్చుటకై ఎర్తు పిన్నును తీసివేయుట ఎర్తు తీసిన ఆసిలోస్కోపు వంటిదే. ఎర్తు గుంట యున్నదనుటతో తృప్తిపడక, లైసెన్సు గల పనివానిచేత దానిని పరీక్ష చేయింపవలెను. లైనులో పోవు ప్రవాహమునకును న్యూట్రలులో తిరిగివచ్చు ప్రవాహమునకును 30 మిల్లీఆంపియర్ల భేదము వచ్చినంతనే వలయమును తెంచు రక్షకయంత్రము దొరకును. దానిని పెట్టించుకొని, దానిమీది పరీక్షామీటను అప్పుడప్పుడు నొక్కి చూచుచుండవలెను. ఆ రక్షకయంత్రమున్నదని ఎర్తు మానరాదు; ఎర్తు ఉన్నదని దానిని మానరాదు.

విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలసినవి

ఒకటి: తీగను తాకుటకుముందు అది కావలియా, కవచమా, ఎర్తా యని విచారింపుడు. దాని పీడనమెంతయో తెలియనిదే చేయి చాపవలదు.

రెండు: కావలిని ఎర్తుతో కలుపవలదు, ఎర్తుకు బదులు కావలిని నమ్మవలదు.

మూడు: కొలత చెడినపుడు సంకేతపు దారిని సవరింపుడు, రక్షాదారిని ముట్టవలదు.

నాలుగు: ఎర్తును ముందు కలుపుడు, చివర తీయుడు, నిలువయున్న ఆవేశమును విడిపించి, కొలత తీగలను నేలకు కలిపియే బల్ల విడువుడు.

ఐదు: ఎక్కువ పీడనముల పరీక్షను ఒంటరిగా చేయవలదు. మీట ఎచట నున్నదో యెరిగిన రెండవవాడు ప్రక్కన నుండవలెను.

రిక్‌మన్ కాలమున కొలత కావలెనన్నచో ప్రాణమును ఒడ్డవలసియుండెను. అందులకు వేరుమార్గము ఎవరికిని తెలియదు. నేడు తెలిసియున్నది. మూడు పొరల తీగను, ఒక పచ్చతీగను, క్రమము తప్పని చేతిని కలిగియున్నవాడు వర్షకాలమున సైతము నూరు కోట్ల ఓములను నిజముగ కొలిచి, అంకెను పుస్తకమున వ్రాసికొని, సాయంకాలమునకు క్షేమముగ ఇల్లు చేరగలడు. వచ్చు సంవత్సరమున భౌతికశాస్త్రపు గదిలో తీగలు చేతబట్టు మన విద్యార్థులందరును అట్లే చేయుదురని కోరుచున్నాము.